పిట్ట ముట్టని పళ్లెం

నన్ను జైలుకు పంపింది ఒక మోరీ. కోరుట్లలో మా గల్లీ మురుగు మా ఇంట్లోకి వస్తుంటే ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాను. ఆఫీసులో ఒకాయన "నీకు వేరే పని లేదా?" అన్నాడు. మాటా మాటా పెరిగింది, కుర్చీ విరిగిందన్నారు, కేసు పెట్టారు. ఆ కుర్చీ అంతకుముందే విరిగి ఉంది. ఈ మాట ఇప్పటికీ ఎవరూ రాసుకోలేదు.

అది ఏ ఊరి జైలో చెప్పను. చెబితే ఇంకో కేసు పెడతారు. నా పక్క చాప ఒక సిరిసిల్ల పెద్దమనిషిది. బతుకంతా సాంచెల మీదే గడిపినవాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. నిద్రలో కూడా ఆయన వేళ్లు తెగిన పోగులు అతుకుతుండేవి. నలిపి, ముడివేసి, ఇంకో పోగు కోసం గాలిలో వెతికేవి. మొదట్లో చూడలేక అటు తిరిగి పడుకునేవాణ్ణి.

ఒక పొద్దున ఆయన ఛాతీ పట్టుకున్నాడు. "తమ్మీ, జర డాక్టర్ను పిలువుమను" అన్నాడు. నేను ఊచలు కొట్టాను. వార్డరు వచ్చాడు. "మోరీ సారుకు ఇప్పుడు డాక్టర్ గూడ కావాల్నా? ముసలోడు నాటకం ఆడుతుండు, నువ్వు తాళం కొడుతున్నవు" అని నవ్వి పోయాడు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు. ఎండ ఊచల మీదికి వచ్చేసరికి ఆ వేళ్లు ఆగిపోయాయి. మోసుకుపోయాక, ఆస్పత్రికి తీసుకెళ్తుంటే తోవలో ప్రాణం పోయిందన్నారు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకే చెప్పారు.

మూడో రోజు పిట్టకు పెట్టాలన్నారు తోటి ఖైదీలు. పోయినవాళ్లకు అన్నం పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే వాళ్లకు ఏదో కోరిక మిగిలినట్టు. అందరం తలా ఒక ముద్ద తీసి పళ్లెం నింపి, జైలు గోడ కింద పెట్టాం. పిట్ట ముట్టేదాకా ఎవరం తినకూడదనుకున్నాం.

కాకులు వచ్చాయి. గోడ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ దిగలేదు.

"బీడీ మరిచిపోయినం" అన్నాడొకడు. ముట్టించి పళ్లెం అంచున పెట్టాడు. గాలి లేదు, పొగ నిటారుగా లేచింది.

"కల్లు లేకపాయె, అలిగిండు" అన్నాడు ఇంకొకడు. "పెద్దన్నా, బయటికి పోయినంక నీ పేరు మీద పోస్త, దా" అని మొక్కాడు.

కాకులు మమ్మల్నే చూస్తున్నాయి.

"ఆయన అడిగింది డాక్టర్ను. మీకు యాది లేదా?" అన్నాను.

లోపలికి నడవమని విజిల్ వేశారు. ఎవరూ లేవలేదు. లాఠీలు వచ్చాయి. మొదటి దెబ్బ నాకే పడింది. ఎవరు కొట్టారో తెలుసు, ఆ రోజు నవ్వి పోయిన వార్డరే. అందరం చేతులు పట్టుకుని పళ్లెం చుట్టూ కూర్చున్నాం. వంటవాళ్లు పొయ్యి వదిలి వచ్చి మాతో కూర్చున్నారు. తాళం వేసి ఉన్న రెండో గదిలోవాళ్లు పళ్లేలు మోగించడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పకుండానే ఆ మోత ఒకే వరసకు వచ్చింది, సాంచెలు నడిచినట్టు. సిరిసిల్ల వైపు కుర్రవాడొకడు చెవులు మూసుకున్నాడు.

చివరికి జైలరు వచ్చాడు. ఆయనా మా వైపు ఊళ్ల మనిషే, పిట్ట ముట్టకపోతే ఏమిటో ఎరిగినవాడే. గోడ మీదికి చూసి టోపీ తీశాడు.

"ఏం కావాలె మీకు?"

"వారం వారం డాక్టర్ రావాలె. పెద్దమనిషి ఈడనే పోయిండని రాయాలె" అన్నాను.

"డాక్టర్ వస్తడు. రెండోది నా చేతిల లేదు."

అప్పుడు ఒక కాకి దిగింది. పళ్లెం అంచున నిలబడి మెడ వంచి, లేచిపోయింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ అరిచి అన్నానికి లేచారు. నేను కన్నార్పకుండా చూశాను. దాని ముక్కు మెతుకును తాకలేదు. ఆ మాటే అన్నాను. "ఆకలికి సస్తున్నం, నీ పంచాది ఏందయ్యా!" అని మావాళ్లే తిట్టారు.

ఇప్పుడు అక్కడికి డాక్టర్ వస్తున్నాడట. అది ఒప్పుకుంటాను.

బెయిలు మీద బయటికి వచ్చాక సిరిసిల్ల పోయాను. ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. నేనెవరో చెప్పగానే అడిగింది.

"పిట్ట ముట్టిందా తమ్మీ? అందరు ముట్టిందన్నరు."

"లేదు వదినా."

ఆమె ఉలిక్కిపడలేదు. "నాకెరుకే. ఈడ గూడ ముట్టలే. తోవల పోయిండని రాసిండ్రు గద. తోవల పోయినోడు తోవల్నే తిరుగుతడు. ఇంటికెట్లొస్తడు?"

ఏ తోవలోనో కూడా వాళ్లు రాయలేదు.

ఆమె పేరు మీద ఫిర్యాదు పెట్టాం. జగిత్యాలలో విచారణ నడుస్తోంది. కుర్చీ విరగ్గొట్టినవాడి సాక్ష్యం ఏం సాక్ష్యమని వాళ్ల వకీలు అంటున్నాడు. అననీ. ప్రతి వాయిదాకూ పోతున్నాను. మేడిపల్లి దాటాక బస్సులో నా పక్క సీటు ఖాళీ అవుతుంది. దాని మీద సంచి పెట్టను.

మొన్న ఆ సీటు కవరు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. జగిత్యాలలో దిగబోతూ చూస్తే రెండు పోగులు ముడివేసి ఉన్నాయి. ఎక్కినప్పుడు ఆ ముడి లేదు. ఈ మాట కూడా విచారణలో చెబుతాను. రాసుకుంటారో లేదో చూస్తాను.