బావగారి కారూ, రొయ్యల వలా

మా బావగారు తెల్ల కారు కొన్న కొత్తలో ఓసారి చనువుకొద్దీ దాని బానెట్ మీద చెయ్యి ఆనించాను. అక్క మొగుడే కదా అనుకున్నాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి, నేనక్కడ ఉండగానే నా చెయ్యి ఆనిన మేర తుడిచారు. ఏడో తరగతితో బడి మానేసి కొబ్బరికాయలు వలిపించుకు బతికేవాడి వేళ్లు సోకితే కారు మైల పడుతుంది కాబోలు.

ఆయనకి అల్లవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఇల్లు మాత్రం అమలాపురంలో, మా ఇంటి పక్కనే. పొద్దున్నే చెరువుకెళ్లొచ్చి కారుని రేకుల షెడ్డులో పెడతారు. ముసురు పట్టిన రోజుల్లో ఇంజను వేడి తగిలి, వీధిలో తిరిగే బూడిదరంగు పిల్లి ఒకటి బానెట్ ఎక్కి పడుకునేది. కడుపుతో ఉంది. దానికి కావలసింది వెచ్చటి చోటు. బావగారికి మాత్రం, పనిగట్టుకుని తన పరువు తియ్యడానికే వస్తున్నట్టు తోచింది.

“చూసేవా, నాలుగు కాళ్లూ అచ్చుగుద్ది పోయింది!”

“సంతకం కూడా పెట్టించుకోవాల్సింది బావగారూ” అన్నాను.

ఆయన నవ్వలేదు. కారొచ్చాక నవ్వడం తన స్థాయికి తక్కువనుకున్నారు.

మా వైపు కుక్కలు రాకుండా గుమ్మాల ముందు నీలిమందు కలిపిన నీళ్ల సీసాలు పెడతారు. బావగారు అవి తెచ్చి కారు చుట్టూ పేర్చారు. పిల్లి వాటి మధ్యనుంచి తాపీగా నడిచొచ్చి బానెట్ ఎక్కింది. తర్వాత నిమ్మతొక్కలు, బత్తాయి తొక్కలు చల్లారు. “ఇది కారా, జ్యూసు బండా?” అంది అక్క. వాన ఆ తొక్కల వాసన కాస్తా కడిగేసింది.

అప్పుడు బయటపడింది బావగారి అసలు తెలివి. చెరువులో రొయ్యలు పట్టి పట్టి చిరిగిన పాత వల ఒకటి తెచ్చి, కారంతా కప్పి, నాలుగు మూలలా తాళ్లు బిగించారు. ఇన్నేళ్లు రొయ్యల మధ్య బతికిన ముక్కు కదా, ఆ వాసన దానికి ఎప్పుడో తెలియకుండా పోయింది.

వీధిలో పిల్లులకి మాత్రం బాగానే తెలిసింది. మర్నాడు పొద్దున్న చూస్తే అన్నీ కారు మీదే ఉన్నాయి. కొన్ని వల నాకుతున్నాయి. ఒకటి ముందద్దం మీద నిలబడి, వల కన్నులో ఇరుక్కున్న రొయ్య తలకాయ పీకుతోంది. ఎదురింటి పెద్దాయన గోడమీంచి తొంగిచూసి, “విందాండీ? మాకు పిలుపు లేదేంటండీ?” అన్నారు.

ఆ మాటతో బావగారి మొహం మాడిపోయింది. నన్ను పక్కకి పిలిచారు.

“చేపముక్కలో మందు పెట్టి ఆ బూడిదపిల్లికి పడెయ్యి. దారి చూపించింది అదే.”

“నేనా? మీ చేతులకేమైందండీ?”

“పిల్లిని చంపితే బంగారుపిల్లిని చేయించి దానమియ్యాలంటారురా. నాకెందుకొచ్చిన గోల?”

ఎంత గొప్ప మనసో చూడండి! ప్రాణం తీయించడం ఆయన వంతు, పాపం మొయ్యడం బావమరిది వంతు.

“నా ఒంటిమీద మొలతాడు తప్ప ఏముందండీ, బంగారుపిల్లిని నేనెక్కణ్ణుంచి తేను?” అన్నాను.

“సరే, రేపు పొద్దున్న గనక అది మళ్లీ కారు మీద కనిపించిందో, చెరువు కాపలావాడి చేత మందు పెట్టిస్తాను” అన్నారు. అన్నంత పనీ చేస్తారు. కారు విషయంలో ఆయనకి దయా దాక్షిణ్యాల్లేవు.

ముందు వల తీసి, చెరువుకెళ్లే లారీ ఎక్కించేశాను. సబ్బునీళ్లతో వాసన పోయేదాకా కారు కడిగాను. ఈసారి నా చెయ్యి మైల కాలేదు. రొయ్యలు ఐసులో పెట్టి పంపే థర్మాకోలు పెట్టె ఒకటి తీసుకుని, పక్కన పిల్లి పట్టేంత కంత కోసి, లోపల ఎండిన కొబ్బరిపీచు కూరి, షెడ్డు వెనక జల్లు పడని చోట ఇటుకల మీద పెట్టాను.

“ఈ మర్యాదలేంట్రా? అదేమన్నా మీ ఇంటల్లుడా?”

“అల్లుడైతే ఇంతతో ఊరుకుంటాడాండీ? ఇది కాఫీ చల్లారిందని అలగదు.”

ఆ సాయంత్రం ఆయన పనిమీద కొత్తపేట వెళ్లొచ్చేసరికి ఎదురెళ్లి, ఇంజను చల్లారేదాకా కారు వీధిలోనే ఉంచమన్నాను. “వీధిలోనా! నా కారా!” అన్నారు. ఉంచారు గాని, వదిలి రాలేక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని, తుంపరలో దాని పక్కనే కూర్చున్నారు. కన్నకూతురు పరీక్ష రాస్తుంటే కూడా ఆయన బయట అలా కూర్చోలేదు.

బాగా చల్లారాక కారు షెడ్డులోకి చేరింది. పిల్లి వచ్చి బానెట్ మీద ముందుకాళ్లు ఆనించి చూసింది. ఇనుము చల్లగా తగిలింది. దిగి, షెడ్డు వెనక్కి పోయి, పెట్టె చుట్టూ తిరిగి, లోపల దూరింది. తెల్లారినా బయటికి రాలేదు. బావగారు బానెట్ అంతా వంగి వంగి వెతికారు. కాలి గుర్తు ఒక్కటీ లేదు. పిల్లి ఏమైందని మాత్రం అడగలేదు.

తర్వాతి ఆదివారం ఆయన స్నేహితుడొకరు వచ్చారు. ఆయనకీ చెరువులూ ఉన్నాయి, కొత్త కారూ ఉంది, పిల్లుల బాధా ఉంది.

“మీరేం చేసేరండీ?”

“మెతగ్గా ఉండకూడదండీ” అన్నారు మా బావగారు, కాలు మీద కాలేసుకుని. “మనం గట్టిగా ఉంటే వాటంతటవే పోతాయి.”

“ఆయ్” అన్నారాయన భక్తిగా.

షెడ్డు వెనకనుంచి పిల్లికూనల సన్నటి కూతలు వినిపిస్తూనే ఉన్నాయి. కుళాయి దగ్గర పండుగప్ప చేప కడుగుతున్న అక్క, మొగుడి వంక ఒకసారి చూసింది. ఆయనకిష్టమని పులుసులోకి పక్కన పెట్టిన తలకాయ తీసి నా చేతిలో పెట్టింది.

“ఆ బాలింతకి పెట్టిరారా” అంది.