సగంలో ఆగిన సాక్ష్యం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ఊళ్లో నిరుద్యోగం లేకుండా చేస్తామని ఒక జీపు వచ్చింది. అప్పటిదాకా మాకు నిరుద్యోగం ఉన్నట్టు మాకే తెలియదు. ఎండాకాలం అడవిలో తునికాకు కోసేవాళ్లం, మిరప కోతలప్పుడు ఏన్కూరు వైపు కూలికి పోయేవాళ్లం. ఒళ్లు విరిగేంత పని. అదేదీ ఉద్యోగం కిందికి రాదని జీపులో వచ్చిన సార్లు ఓపిగ్గా వివరించారు. ఆడవాళ్లందరికీ కుట్టుపని నేర్పి, చివర్లో మనిషికో మిషన్ ఇస్తామన్నారు.

"ఊరంత టైలర్లయితే కుట్టిచ్చుకునేదెవరే?" అంది మా అత్త.

నాకు ఆ మాట నచ్చలేదు. నాకు మిషన్ కావాలి. అంతకు ముందు సంవత్సరం నెలల పాపను చంకనేసుకుని మిరపతోటకు పోయాను. ఆ ఘాటుకు పిల్ల దగ్గి దగ్గి పాలు కూడా పట్టలేకపోయింది. "మళ్ల దీన్ని తోటకు తీసుకపోయినవంటే నా దగ్గరకు రాకు" అని దవాఖానాలో డాక్టరమ్మ కసిరింది. పాపను అత్తకు వదిలి పోదామంటే, ఆమె కూడా కూలికి వస్తేనే మా ఇల్లు గడిచేది. మిషన్ వస్తే నేనూ పాపా ఇంటి పట్టున ఉండొచ్చు. రోజూ మోకాళ్ల మీద దేవుణ్ణి అదే అడిగేదాన్ని.

పంచాయతీ ఆఫీసు వరండాలో శిక్షణ మొదలైంది. ఖమ్మం నుంచి ఒక మేడం వచ్చేది. నేర్పడానికి తెచ్చిన మిషన్‌కు బెల్టు లేదు, బట్ట ఇంకా మంజూరు కాలేదు. అందుకని పాత పేపర్ల మీద జాకెట్లు కత్తిరించి, చేత్తో టాకాలు వేశాం. ఒకామె వీపు మీదికి సినిమా తార వచ్చేది, ఇంకొకామె చంకలోకి మంత్రిగారి నవ్వు వచ్చేది. మా చేతుల్లో తయారైన ఏ జాకెట్టూ ఎవరికీ బిగుతు కాలేదు, వదులూ కాలేదు. అయినా టీ, బిస్కెట్లు వేళకు వచ్చేవి. ఆ రోజులన్నీ పాప నా పక్కన చాప మీదే ఆడుకుంది, ఒక్కసారి కూడా దగ్గలేదు. అందుకు మాత్రం ఆ పథకం పెట్టినవాళ్లను ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

ముగింపు రోజున వ్యానులో మిషన్లు వచ్చాయి. దించి, దండలు వేసి, బొట్లు పెట్టి, వేదిక ముందు వరుసగా నిలబెట్టారు. వెనక 'నిరుద్యోగం లేని గ్రామం' అని బ్యానరు కట్టారు. పెద్దసారు వచ్చి సర్టిఫికెట్లు పంచాడు. నేను బడికి పోలేదు. ఇంట్లో నాన్న బైబిలు ముందు పెట్టుకుని అక్షరాలు నేర్పాడు. అది నా జీవితంలో మొదటి సర్టిఫికెట్, కళ్లకద్దుకున్నాను.

చర్చిలో నలుగురి ముందు మాట్లాడే అలవాటుందని, అందరి తరఫునా మేడం నన్నే లేపింది. "నాలుగు మంచిమాటలు చెప్పి కూర్చో" అంది.

నేను లేస్తుంటే, మిషన్లు దించడానికి పోయిన మా ఆయన వచ్చి చెవిలో చెప్పాడు: "ఏమే, పొద్దుగూకకముందే మళ్ల వ్యానుల ఎక్కియ్యాల్నంట. పర్ణశాల దిక్కు ఇంకో ఊర్ల మీటింగున్నదంట. గివే మిషన్లు, గివే దండలు."

నాకు తెలిసిన మాట్లాడే పద్ధతి ఒక్కటే, చర్చిలో చెప్పే సాక్ష్యం. అందులో ముందు కష్టం దాచకుండా చెప్పాలి, తర్వాత చేసిన ప్రార్థన, చివర్లో దొరికిన విడుదల. మైకు పట్టుకుని అలాగే మొదలుపెట్టాను.

"సారుకు, మేడంకు వందనాలు. నా బిడ్డ మిరప ఘాటుకు దగ్గి దగ్గి ముఖం నీలమైంది. ఇంటికాడ ఏదన్న పని చూపియ్యి ప్రభువా అని ఏడ్చిన."

"స్తోత్రం!" అన్నారు ముందు కూర్చున్న మా చర్చి ఆడవాళ్లు.

"జీపు వచ్చింది. పేపర్ల మీద జాకెట్లు కుట్టుడు నేర్పిండ్రు."

"స్తోత్రం!"

"ఇయ్యాల మిషన్లు వచ్చినయి. కండ్లార చూసినం. పొద్దుగూకంగ అవి వేరే ఊరికి పోతయంట."

"ఆమెన్!" అంది ఒక ముసలమ్మ, అలవాటుకొద్దీ.

ఇక విడుదల చెప్పాలి. నా దగ్గర లేదు. సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదు. పెద్దసారు వైపు తిరిగాను. "సార్, మిషన్ ఈడ ఉంటదా, నేను బిడ్డనేసుకుని మళ్ల తోటకు పోవాల్నా? మీరు చెప్తే నా సాక్ష్యం పూర్తయితది."

మేడం తన గాజులు సవరించుకుంది. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, మొదటి దశలో నైపుణ్యం ఇస్తాం. పరికరాలు రెండో దశలో వస్తాయి."

"రెండో దశ ఎప్పుడు సారూ?" అని వెనక నుంచి మా అత్త అరిచింది.

"మొదటి దశ విజయాన్ని బట్టి ఉంటుంది."

చప్పట్లు మోగాయి. ఎందుకు కొట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మిషన్లు మళ్లీ వ్యానులోకి ఎక్కించడానికి మనుషులు కావలసి వచ్చారు. మా ఆయనా మోశాడు, డ్రైవరు కూలి ఇచ్చాడు. ఆ పథకం వల్ల మా ఇంట్లో ఉపాధి దొరికింది ఆయనొక్కడికే.

కోతల కాలం వచ్చింది. పాపను ఎత్తుకుని తోటకు పోయేసరికి, మా శిక్షణ తరగతి మొత్తం సాళ్లలో వంగి ఉంది. పేపరు జాకెట్టు అందరికంటే బాగా కత్తిరించిందని మేడం మెచ్చుకున్న ఆమె, తన పక్కన ఖాళీగా ఉన్న సాలు నాకు చూపించింది.

తోట ఆసామి వచ్చాడు. "ఏందమ్మా, మీరంత టైలర్లంట గద! కల్లంల మిరప బస్తాలు కుట్టనీకి మనుషుల్లేరు. దబ్బనం పట్టేటోళ్లు రాండ్రి, కూలి ఎక్కువిస్త" అని నా వైపు చూశాడు.

కల్లంలో ఎండుమిరప కుప్పలు. ఆ ఘాటుకు అలవాటు పడ్డ మగవాళ్లే ముక్కుకు తువ్వాలు కట్టుకుని తుమ్ముతుంటారు.

"నేను రాను బాబాయ్."

"సర్టిఫికెట్ తీసుకున్నవు, పని ఇస్తానంటె ఒద్దంటవు. గిందుకే ఈ దేశంల నిరుద్యోగం పోతలేదు!" అనుకుంటూ వెళ్లిపోయాడు.

ఘాటు పాప మీదికి రాకుండా గాలి తోట వైపు వీచే చోటు వెతికి, గట్టు మీది చెట్టుకు చీర ఉయ్యాల కట్టి పాపను పడుకోబెట్టాను. సాలులోకి దిగి కాయలు తెంపుతున్నంతసేపూ ఒక చెవి ఉయ్యాల దగ్గరే వదిలేశాను.