సిద్దికా నేర్చుకున్న చేతిమాట

పెదకాకాని దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ షెడ్డులో మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే పనికి వెళ్తుంది సిద్దికా. భర్త గౌస్ బాషా గుంటూరు బస్టాండుకీ ఊరికీ మధ్య ఆటో నడుపుతాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, మెహర్. పుట్టుకతోనే చెవులు వినబడవు. డాక్టర్లు చెప్పినట్టు చెవికి మిషను పెట్టించారు. దానితో లారీ హారన్ లాంటి చప్పుళ్లు తెలిసేవి గానీ మాట తెలిసేది కాదు.

పిల్లకు ఆరేళ్లు వచ్చినా ఇంట్లో దానితో మాట్లాడడమంటే నాలుగైదు సైగలే. అన్నం, నీళ్లు, రా, వద్దు. ఇంకా కొడతానని బెదిరించే సైగ ఒకటి. అంతకు మించి ఏం చెప్పాలన్నా తల్లికి దారి లేదు. ఏం చెప్పుకోవాలన్నా పిల్లకూ లేదు.

ఆ ఏడు రంజాన్ వెళ్లాక సిద్దికా తల్లి చనిపోయింది. అప్పటినుంచి మెహర్‌కు కొత్త మొండితనం పట్టుకుంది. పని లేని మధ్యాహ్నం తల్లి కాస్త నడుం వాలిస్తే చాలు, మీదపడి రెండు చేతులతో రెప్పలు పైకి లాగేది. తనూ పడుకునేది కాదు, గోడకు ఆనుకుని కునికేది.

"గారాబం ఎక్కువైందే దానికి. రెండు తగిలించు, దారికొస్తుంది" అనేది అత్తగారు అమీర్‌బీ.

సిద్దికా ఒకసారి తగిలించింది కూడా. పిల్ల ఏడ్చింది గానీ రెప్పలు లాగడం మానలేదు.

షెడ్డులో అన్నం తిన్నాక ఆడవాళ్లు ఫోనుల్లో వంటలూ జాకెట్టు డిజైన్లూ చూస్తుంటారు. అలా చూస్తుంటే ఒకరోజు చేతులు కదుపుతున్న అమ్మాయి వీడియో ఒకటి సిద్దికా కంటబడింది. ఏదో డాన్సు అనుకుంది. కాసేపు చూస్తే తెలిసింది, ఆ అమ్మాయి పాఠం చెబుతోంది. సైగలకూ ఒక భాష ఉందని, అది ఎవరైనా నేర్చుకోవచ్చని సిద్దికాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పాఠాలన్నీ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండేవి. అయినా ముందు బొమ్మ చూపించి తర్వాత సైగ చేస్తారు గనక అర్థమయ్యేది. ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి తిప్పి చూసేది. ఇంటికొచ్చి మిరప మంట పోయేదాకా మజ్జిగతో చేతులు రుద్దుకుని అప్పుడు పిల్ల ముందు కూర్చునేది. ముఖం దగ్గర చేసే సైగలు చాలా ఉన్నాయి, చేతికి కాస్త కారం మిగిలినా కళ్లు భగ్గుమంటాయి. తల్లి చేసి చూపించింది మెహర్ ఇట్టే పట్టేసేది. తెల్లారేసరికి మర్చిపోయేది తల్లే.

ఒక వీడియో కింద తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి కనిపించింది. చెవులు వినబడని పిల్లల తల్లిదండ్రులు, వినబడని పెద్దవాళ్లు కొందరు అందులో ఉన్నారు. నేర్చుకున్నది వీడియో తీసి పెడితే తప్పులు దిద్దుతారు. సిద్దికా ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, చేతులు మాత్రమే కనబడేలా తీసి పెట్టింది.

పిడుగురాళ్లలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసే ప్రేమ్‌చంద్ జవాబు రాశాడు. అతనికీ పుట్టుకనుంచి వినబడదు.

"చేతులు బాగు. ముఖం ఎక్కడ?"

"సైగలు చేతులతోనే కదండీ, ముఖం ఎందుకు?" అని అడిగింది.

అతను చిన్న వీడియో పంపాడు. ఒకే సైగ రెండుసార్లు చేశాడు. మొదటిసారి ముఖం మామూలుగా ఉంది. రెండోసారి కనుబొమలు లేచాయి, తల కొంచెం ముందుకొచ్చింది. కింద రాశాడు: 'మొదటిది, అమ్మ వచ్చింది. రెండోది, అమ్మ వచ్చిందా?'

సిద్దికా చాలాసేపు దాన్నే చూసింది. లోపలున్నది ముఖాన కనబడనీయకూడదని చిన్నప్పటినుంచి ఆమెకు చెబుతూ వచ్చారు. ఆమె అలాగే పెరిగింది. ఇప్పుడు కూతురితో మాట్లాడాలంటే ఆ అలవాటే అడ్డం.

ముఖం కనబడేలా వీడియో పెడతానంటే గౌస్ బాషా ఒప్పుకోలేదు.

"అది ఎవడెవడి ఫోనుల్లోకి పోద్దో తెలుసా నీకు?"

"ఇట్టా చేతులు తిప్పడం నేర్పితే పిల్ల ఇక నోరే తెరవదు" అంది అమీర్‌బీ.

సిద్దికా భర్త వైపు తిరిగి అంది: "మెహర్ నా గొంతు వినలేదండీ. దానికి వినబడేది నా ముఖమే. అది దాచిపెట్టుకుని నేనేం మాట్లాడను?"

అతను ఆటో తాళాలు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చేటప్పుడు ఫోను నిలబెట్టే ప్లాస్టిక్ స్టాండు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ముఖం పెట్టిన మొదటి వీడియోలోనే పెద్ద తప్పు దొర్లింది. గ్రూపులో ఎవరో నవ్వే బొమ్మలు పెట్టారు. సిద్దికాకు తల కొట్టేసినట్టయి దాన్ని తీసేయబోయింది. ఇంతలో ప్రేమ్‌చంద్ రాశాడు: "ఉంచండి. రేపు ఇంకొకరు ఇదే తప్పు చేస్తారు."

ఉంచింది. పక్కనే దిద్దిన వీడియో పెట్టింది. అప్పటినుంచి అదే పద్ధతయింది. "నేను నిన్న ఇట్లా చేశానండి, తప్పంట. ఇట్లా చెయ్యాలంట" అని తెలుగులో చెబుతూ చేసి చూపించేది. రేపు పదిమందికి చెప్పాలి గదా అని ఇవాళ నేర్చుకునేది గట్టిగా నేర్చుకునేది. మర్చిపోవడం తగ్గింది.

కనిగిరి నుంచి యలమంద అనే రైతు ఒకరోజు వాయిస్ మెసేజి పంపాడు. అతని కొడుక్కీ వినబడదు. "అమ్మా, నువ్వు చెబితేనే నాకు ఎక్కుతుంది. ఆ పాఠాలోళ్లు తప్పే చెయ్యరు. నాకేమో అన్నీ తప్పులేనాయె."

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం షెడ్డుకు పని రాలేదు. సిద్దికా చాప మీద వాలింది. మెహర్ వచ్చి రెప్పలు లాగింది. ఎప్పటిలా విదిలించుకోబోయి ఆగి, లేచి కూర్చుంది. ముఖమంతా ప్రశ్న చేసి అడిగింది: ఎందుకు?

మెహర్ చేతులు గబగబా కదిలాయి. అమ్మమ్మ. నిద్ర. మనుషులు ఎత్తుకున్నారు. తీసుకెళ్లారు. నువ్వు నిద్ర వద్దు.

సిద్దికాకు అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలుగా ఈ పిల్ల తనకు కాపలా కాస్తోంది. దానికి తను దెబ్బలు వేసింది.

చనిపోవడమనే సైగ ఆమెకు రాదు. ప్రేమ్‌చంద్‌కు మెసేజి పెట్టింది. అతను వెంటనే చేసి పంపాడు. కింద రాశాడు: "నిద్ర వేరు, చావు వేరు. శ్వాస చూపించండి."

మెహర్ అరచేతిని తన గుండెల మీద పెట్టుకుంది సిద్దికా. లేస్తోంది, దిగుతోంది. నిద్రలో కూడా ఇది ఉంటుంది. అమ్మమ్మకు ఆగిపోయింది. అందుకే తీసుకెళ్లారు. నాకు ఉంది. నీకు ఉంది.

మెహర్ తన గుండె మీద కూడా చెయ్యి పెట్టుకుని చూసుకుంది. చివరికి తల్లి పక్కన పడుకుంది, అరచెయ్యి మాత్రం తియ్యకుండా. గుమ్మంలో నిలబడి ఇదంతా చూసిన అమీర్‌బీ కొంగుతో కళ్లు తుడుచుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"ఒసేయ్ సిద్దికా, బజ్జో అని ఎట్టా చెప్పాలి? నాకూ చూపించు."

ఆ సంగతి వీడియో తీసి పెట్టాలని సిద్దికాకు అనిపించలేదు. అన్నీ పంచుకునేవి కావు. యలమందకు మాత్రం ఫోను చేసి చెప్పింది. అంతా విని అతనన్నాడు:

"మావాడు కుక్కపిల్ల చచ్చిపోయిన కాడినుంచీ సరిగా అన్నం తినట్లేదమ్మా. నేను అడగనే లేదు. అడుగుతా."

దసరా సెలవుల్లో గ్రూపువాళ్లు గుంటూరులో ఒక పార్కులో కలుసుకున్నారు. ప్రేమ్‌చంద్‌ను చూసి మెహర్ ముందు తల్లి వెనక దాక్కుంది. అతను వంగి పేరు అడిగాడు. కాసేపటికి పిల్ల బయటికొచ్చి అతని చెవి వైపు చూపించి అడిగింది: నీకూ వినబడదా? ఇంత పెద్దయ్యాక కూడా?

వినబడదు. పనిచేస్తాను. బండి నడుపుతాను. పెళ్లయింది, అన్నాడు ప్రేమ్‌చంద్.

వినబడని పెద్దమనిషిని మెహర్ అంతవరకూ చూడలేదు. పెద్దయితే తనకూ వినబడుతుందనుకుందో, తనలాంటివాళ్లు పెద్దవాళ్లే కారనుకుందో ఎవరికి తెలుసు? ఆ తర్వాత ఇద్దరి చేతులూ ఆగలేదు. అతను ఏదో చెబుతున్నాడు, పిల్ల పడీపడీ నవ్వుతోంది. పక్కనే నిలబడిన సిద్దికాకు ఒక్కటి అందితే నాలుగు జారిపోతున్నాయి. మాటలన్నీ ఎదురుగానే ఉన్నా తనకు చేరడం లేదు. మెహర్‌కు ఆరేళ్లూ ఇంట్లో ఇలాగే గడిచి ఉంటుంది.

కూతురి భుజం తట్టింది. మెల్లగా, నాకు అర్థం కాలేదు, అంది చేతులతో.

మెహర్ తల్లి గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. మొదటినుంచి, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పడం మొదలుపెట్టింది.