చూడని ఇంటికి ఓకే కొట్టని అక్క

అక్క పోయిందన్న వార్త మా పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కొన్ని నెలలుగా ఆ గ్రూపులో ఉద్యోగ ప్రకటనలు తప్ప మరేమీ రావడం లేదు. "అక్క ఇక లేదు. గుండెపోటు. రేపు నాచారం చర్చికి రండి" అని ఆమె తమ్ముడు ఆమె ఫోన్ నుంచే పెట్టాడు. దాని కింద ఎవరో చూసుకోకుండా, ఉప్పల్‌లో మ్యాపుల పని తెలిసినవాళ్లు కావాలన్న ప్రకటన పడేశారు. ఆ వెంటనే ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. అవి అక్కకో, ఉద్యోగానికో తెలియలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆమె నాకు సొంత అక్క కాదు. మా చర్చిలో అందరికీ అక్క. నాచారంలోని ఓ మ్యాపుల ఆఫీసులో తనిఖీ సీటు ఆమెది. ఉపగ్రహం తీసిన ఫొటో మీద ఇళ్లు, రోడ్లు, నాలాలు గీయడం మాలాంటివాళ్ల పని. గీసింది సరిగ్గా ఉందో లేదో చూసి ఓకే కొట్టడం ఆమె పని. నేను జాగ్రఫీ డిగ్రీ పట్టుకుని ఉప్పల్ చుట్టుపక్కల ఆఫీసులన్నీ తిరిగి, ఇక బట్టల షాపులో చేరిపోదామనుకుంటున్న రోజుల్లో, ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద నన్ను ఆపింది.

"ఏందే, గట్ల మొకం ఏలాడేసుకున్నవ్? రేపు ఆఫీసుకు రా. సాఫ్ట్‌వేర్ నేర్సుకుంటే కొలువు దొరుకుతది, జాగ నేర్సుకుంటే కొలువు నిలుస్తది" అంది. ఆ మాట పట్టుకునే నేను ఇంతదూరం వచ్చాను.

మొదటి వారమే కొత్తవాళ్లందరూ చేసే తప్పు నేనూ చేశాను. పైనుంచి తీసిన ఫొటోలో ఎత్తైన అపార్ట్‌మెంట్లు ఓ పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాయి. నేను కనబడ్డ పైకప్పు చుట్టూ చక్కగా గీత గీశాను. మ్యాపులో ఆ బిల్డింగు పోయి రోడ్డు మధ్యలో నిలబడింది. అక్క నా మానిటర్ మీద వేలు పెట్టి, "ఇంటి నెత్తి గాదే, కాళ్లు సూడు. నువ్వు గీసినట్టయితే బస్సులన్నీ వాళ్ల హాల్‌ల నుంచే పోవాలె" అంది. గది గదంతా నవ్వింది. ఆమె మాత్రం మానిటర్ మీద పడ్డ వేలిముద్రను కొంగుతో తుడిచి, పక్క సీటుకు పోయింది.

ఆదివారం ఆరాధన కాగానే అందరూ భోజనాలకు ఇళ్లకు పరిగెత్తితే, ఆమె నన్ను స్కూటీ ఎక్కించుకుని పీర్జాదిగూడ తీసుకుపోయేది. వారంలో అనుమానం వచ్చిన ఇళ్లను కళ్లతో చూసి రావాలి. "మస్తు ఆకలైతుంది అక్కా" అంటే, "కూర ఎటు వోదు. ఇల్లయితే వచ్చే వారానికి ఇంకో అంతస్తు లేస్తది" అనేది.

తర్వాత మా ఆఫీసుకు తనంతట తానే ఇళ్లు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మేము వారమంతా గీసేది అది టీ తాగేలోపు గీసి పెట్టేది. మాలో సగం మందిని పంపించేశారు. అది గీసింది చాలావరకు బాగానే ఉండేది, కాదనను. కానీ మట్టి పట్టిన రేకుల ఇళ్లను ఖాళీ జాగా అనుకునేది. అలాంటివి కనిపిస్తే అక్క ఫైలు ఆపేది. మేనేజర్‌కేమో గడువు తరుముకొస్తోంది.

"ఓకే కొట్టేయండి మేడం, ఒకటీ అరా పోతే ఏమైతది?" అన్నాడు.

"ఏమైతదో గా ఇంట్ల ఉండేటోళ్లను అడుగుండ్రి సార్. నేను సూడని ఇంటికి ఓకే కొట్ట" అంది.

నెల తిరగకుండా ఆమెను తీసేసి, ఆ సీటు నాకిచ్చారు. నాకొద్దని ఏడిస్తే, "పిచ్చిదానా, తీస్కో. నువ్వు గాకపోతే సూసుడు రానోడు ఎవడో వచ్చి కూసుంటడు" అని నన్నే ఓదార్చింది.

ఆ వయసులో ఆమె మళ్లీ పని వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఫోన్‌లో వీడియోలు చూసి కోడింగ్ నేర్చుకుంది. కొడుకు వయసు కుర్రాళ్లు ఇంటర్వ్యూ చేసి, అనుభవం ఎక్కువైందని పంపించేవారు. "కూరల ఉప్పెక్కువైనట్టు జెప్తున్నరే" అని నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసేది. చివరిసారి ఇంటర్వ్యూ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గడపలోనే కూలబడిందట. దవాఖానాకు చేరేలోపే అయిపోయింది. కొలువు నిలుస్తదని నాకు చెప్పిన మనిషి కొలువే నిలవలేదు. తలచుకుంటే కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

సమాధుల తోట నుంచి వచ్చిన మర్నాడు, పీర్జాదిగూడ అంచున ఉన్న ఓ వార్డు ఫైలు నా ముందుకు వచ్చింది. సాయంత్రంలోగా ఓకే కాకపోతే నా సీటు గురించి కూడా ఆలోచించాల్సి వస్తుందన్నాడు మేనేజర్. మా ఇల్లు నడిచేది నా జీతం మీదే. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సాఫ్ట్‌వేర్ ఖాళీగా వదిలేసిన మట్టిరంగు ముక్క ఒకటి కనిపించింది. అది ఖాళీ జాగానో, రేకుల ఇల్లో ఫొటోలో తేలడం లేదు. మ్యాపులో గీత లేకపోతే ఇల్లు లేనట్టే. రేపు నల్లా కనెక్షన్ కావాలంటే, మాకో ఇల్లుందని చెప్పుకుంటూ వాళ్లే ఆఫీసుల చుట్టూ తిరగాలి. మౌస్ మీద చేయి పెట్టి చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి ఆటో ఎక్కాను.

అక్కడ నిజంగానే ఓ రేకుల ఇల్లుంది. ముందు బట్టలుతుకుతున్న పెద్దావిడ నన్ను చూసి గబుక్కున లేచి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎవలు గావాలె బిడ్డా?"

"ఎవ్వలు వద్దమ్మా. ఇల్లు ఉన్నదా లేదా సూద్దామని వచ్చిన."

"ఉన్నది. అమ్మేది లేదు."

నా సంచిలో ఫోన్ మోగుతోంది. నేను తీయలేదు. ఆమె గుమ్మం వదల్లేదు. ద్వారబంధాన్ని గట్టిగా పట్టుకున్న ఆ రెండు చేతుల నుంచి సబ్బునీళ్లు కారుతూనే ఉన్నాయి.