ట్రాక్టర్ మూతి పెట్టుకున్న జీపు

భోపాల్‌పట్నం జీపుల అడ్డాలో ఆడమనిషి తోలే బండి ఒక్కటే ఉంది. అది సమ్మక్కది. గుట్ట అవతల శుక్రవారం జరిగే సంతకు నేను గాజుల మూటతో ఎప్పుడూ ఆ జీపులోనే పోతాను. నా పేరు ప్రశాంతి. పేరుకు తగ్గ గుణం నాలో ఒక్కటీ లేదని మా ఆయన అంటాడు. సమ్మక్క విషయంలో మీతో నిదానంగా మాట్లాడలేను కాబట్టి ఆయన అన్నది నిజమే కావచ్చు.

ముందు ఆ జీపును ఆమె భర్త ఉప్పలయ్య తోలేవాడు. చక్కెర జబ్బుతో చూపు మందగించాక, బండిని తూకానికి అమ్మేసి ఇంట్లో కూర్చుందామన్నాడు. సమ్మక్క పొయ్యి ముందు నుంచి లేవకుండానే, "నీ కండ్లు మందగించినయి, నా చేతులు కాదు గద," అంది. మర్నాటి నుంచి మొగుణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊరి బయట మైదానంలో బండి నేర్చుకుంది. లైసెన్సు కోసం బీజాపూర్ వెళితే అక్కడి గుమాస్తా బాబు "ఔరత్ జీప్ చలాయేగీ?" అని, ఆడది జీపు తోలుతుందా అని నవ్వాడట. ఈమె లైసెన్సు చేతికొచ్చేదాకా ఆ బల్ల ముందు నుంచి కదల్లేదు. అలాంటి మనిషి.

ఈ మధ్య గుట్ట ఎక్కీ ఎక్కీ ఆ జీపు పాత ఇంజను చచ్చుబడిపోయింది. కొత్త బళ్లన్నీ దుమ్ము కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయేవి. ఆలస్యంగా చేరితే సంతలో మంచి జాగా దొరకదు, జాగా దొరక్కపోతే నా గాజులు ఎవరూ చూడరు. సమ్మక్క ఊరుకునే రకమా. తర్లగూడ వంతెన దాటి వరంగల్ పాత సామాన్ల అడ్డాకు పోయి, చెట్టుకు గుద్దుకున్న ఒక పెద్ద కారు ఇంజను పట్టుకొచ్చింది. టర్బో ఇంజను. మా మెకానిక్ దుర్గేశ్ దాన్ని జీపులో ఇరికించి స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు దడదడలాడాయి.

"అక్కా, ఇంజన్ మస్తుంది. కాని దీని తాకత్ ఎంతనో వేడి గూడ అంత. నీ పాత రేడియేటర్ దీనికి సాలదు," అన్నాడు దుర్గేశ్. ఫోను తీసి ఒక అల్యూమినియం రేడియేటరు బొమ్మ చూపించాడు. పెళ్లికూతురి అద్దంలా మెరుస్తోంది. ధర చెప్పగానే ఉప్పలయ్య మళ్లీ చెప్పమన్నాడు, చూపుతో పాటు చెవులు కూడా పోయాయేమోనని అనుమానం వచ్చి.

సమ్మక్కకు ధర కంటే వేరే లెక్క ముఖ్యం. "గుట్ట మీద రాయి తగిలి దీనికి చిల్లు పడితే ఏం జేయాలె?" అని అడిగింది.

"బదల్ చెయ్యాలె అక్కా. ఇది ఈడ అతకదు."

"కొత్తది యాడ దొరుకుతది?"

"హైదరాబాద్."

"అది హైదరాబాద్ నుంచి వచ్చేదాక సంత నాకోసం ఆగుతదా?"

దుర్గేశ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ కారుదే అసలు రేడియేటరు వేద్దామంటే వెడల్పు ఎక్కువై జీపు మూతిలో పట్టదు. పాతదే ఉంచుదామంటే అడ్డా దాటకముందే ఉడుకుతుంది. సమ్మక్క వాళ్లనలా మాట్లాడుకోనిచ్చి, బియ్యం మిల్లు వెనక తుక్కులో పడి ఉన్న ట్రాక్టర్ దగ్గరికి పోయింది. దాని రేడియేటరు ఇత్తడిది. కొంచెం పొడుగు, కానీ జాలీ మందంగా ఉంది, నీళ్లు ఎక్కువ పడతాయి. "దీనికి చిల్లు పడితే సంతల గిన్నెలకు మాటు పెట్టేటాయన గూడ అతుకుతడు," అంది. మిల్లాయన దాన్ని ఇత్తడి తూకానికే ఇచ్చాడు.

దాన్ని చింతపండు పులుసుతో ఇంట్లో బిందె తోమినట్టు తోమింది. లోపలి మట్టి పోయేదాకా పైపుతో నీళ్లు కొట్టింది, నిండా నింపి తడి చెమ్మ ఎక్కడైనా కారుతుందేమో వేలితో తడిమి చూసింది. దుర్గేశ్ సణుగుతూనే ముందు భాగం కోసి, దాన్ని బిగించి, ఫ్యాను చుట్టూ రేకు కట్టాడు. జీపు మూతి ముందుకు పొడుచుకొచ్చింది. అందంగా ఉందని నేను అబద్ధం చెప్పను.

అడ్డాలో బళ్లకు నంబర్లు ఇచ్చే పెద్దమనిషి చక్రధరరావు. ఏ జీపు ముందు కదలాలో ఆయనే చెబుతాడు. "ఏంది సమ్మక్కా, ట్రాక్టర్ మూతి పెట్టుకొచ్చినవ్?" అని అందరూ వినేట్టు అడిగాడు. అడ్డా అంతా నవ్వింది. నవ్వనిదల్లా నేనూ, ఇప్పపువ్వు అమ్మే సోమ్లీ. నాకు ఒళ్లు మండింది. సోమ్లీ ఎవరి మాటకూ నవ్వదు.

ఖాళీ బండితో గుట్ట ఎక్కి చూశాం, ఏమీ కాలేదు. బియ్యం బస్తాలేసి ఎక్కి చూశాం, అప్పుడూ ఏమీ కాలేదు. శుక్రవారం మాత్రం నడి గుట్ట మీద ఈల వేసి, ఆవిరి చిమ్మి ఆగిపోయింది. జనమంతా దిగి ఎండలో నిలబడ్డారు. మరుసటి శుక్రవారం మళ్లీ అదే చోట అదే తంతు. రెండు వారాలూ తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అంతే జనంతో, అటువైపు నుంచి అదే గుట్టను ఆగకుండా ఎక్కింది. సాయంత్రం చల్లబడిందిలే అన్నారు అందరూ.

"పాత ఇత్తడి పాత ఇత్తడే," అన్నాడు ఉప్పలయ్య. "నేను ముందే చెప్పిన అక్కా," అన్నాడు దుర్గేశ్. చక్రధరరావు ఇంకో అడుగు ముందుకేశాడు. "వచ్చే శుక్రవారం గుట్ట మీద మళ్లీ ఉడికిందనుకో, నీ నంబర్ తీసేస్త. జనాన్ని ఎండల నిలబెట్టే బండి మా లైన్ల ఉండది," అని ఆ రెండో శుక్రవారమే సంతలో నలుగురి ముందు చెప్పాడు. నంబరు పోతే జీపు ఇంటి ముందు కోళ్లగూడు కావాల్సిందే. సమ్మక్కకు ఉన్న తిండీ పనీ పరువూ అన్నీ ఆ నంబరే.

ఇక్కడ మా సంత సంగతి కొంచెం చెప్పాలి. శుక్రవారం సంతలో కోడిపందేలుంటాయి. పందెపు పుంజును జనం మధ్య ఒత్తిడిలో తీసుకుపోరు. ఆడవాళ్ల ఒళ్లో పెట్టనివ్వరు. వెదురు గంపలో పెట్టి, గాలి తగిలేట్టు జీపు ముందు భాగానికి తగిలిస్తారు. గాలి తాగి తాజాగా దిగిన పుంజే గెలుస్తుందని నమ్మకం. అందుకని మా జీపులన్నిటికీ మూతి ముందు కొక్కేలుంటాయి. నడిమి కొక్కెం అడ్డా పెద్దమనిషిది. దానికి చక్రధరరావు పుంజు గంప తప్ప ఇంకొకటి తగిలించడానికి వీల్లేదు.

ఆ రోజు మా జీపుకు తగిలించుకొచ్చిన ఆయన పుంజు ఒక్క తన్ను కూడా తన్నకుండా కూలబడింది. ఓడిన పుంజును గెలిచినవాడు కూరకు పట్టుకుపోయాడు. చక్రధరరావు ఖాళీ గంపతో సమ్మక్క మీదికొచ్చాడు. "నీ బండి వేడికి నా పుంజు వాడిపోయిందే. దారి పొడుగునా సెగ మీద కూసున్నట్టయింది దానికి," అన్నాడు. నేను నోరు తెరవబోయాను. సమ్మక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె మొహంలో కోపం లేదు, దాని బదులు ఏదో లెక్క కడుతున్నట్టుంది.

తిరిగి వచ్చేటప్పుడు గుట్ట ఎక్కుతూ అడిగింది. "ప్రశాంతీ, ఫ్యాన్ గాలిని ఎటు గుంజుతది?"

"ముందర నుంచి లోపలికి," అన్నాను, దుర్గేశ్ ఎన్నోసార్లు చెప్పగా విన్నదే.

"మరి ముందల ఉన్న పుంజుకు సల్లగుండాలె గద. సెగ ఎట్ల తగిలింది దానికి?"

నేను అద్దంలోంచి ముందుకు చూశాను. గంపలు ఒక్కటీ లేవు. ఓడిన పుంజులు సంచుల్లో ఉన్నాయి, గెలిచినవి యజమానుల చంకల్లో ఉన్నాయి. సంతకు పోయేటప్పుడు మాత్రం మూతి నిండా గంపలు, వాటి మీద ఎండ తగలకుండా కప్పిన గోనెపట్టాలు. మా రేడియేటరుకు ఊపిరి ఆడనివ్వకుండా మేమే దాని ముక్కు మూశాం. ట్రాక్టర్ మూతి ముందుకు పొడుచుకొచ్చింది కాబట్టి ఆ గంపలు దానికి మరీ అంటుకున్నాయి. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ వారంలోనే సమ్మక్క దుర్గేశ్ షెడ్డుకు పోయి కొక్కేలన్నీ కోయించింది. "కొన్నాళ్లు ఉంచుదాం అక్కా, చక్రధరన్న ఏమంటడో," అని దుర్గేశ్ నసిగాడు. సమ్మక్క రంపం తానే అందుకుని నడిమి కొక్కేన్ని తన చేత్తో కోసింది.

శుక్రవారం చక్రధరరావు కొత్త పుంజుతో వచ్చాడు. గంప తగిలించబోతే అక్కడ కొక్కెం లేదు.

"నా కొక్కెం ఏమైంది?"

"కోసిన అన్నా. ముందల గంపలు పెడితే గాలాడది. అందుకే ఉడుకుతున్నది."

"అంటే రేడియేటర్ మంచిది, తప్పు మా పుంజులదా?"

"అవు," అంది సమ్మక్క.

పుంజుల వాళ్లంతా గొణుక్కుంటూ వెనక జీపుకు పోయారు. చక్రధరరావు ఉప్పలయ్య వైపు తిరిగాడు. "బండి నీది. నీ పెండ్లానికి నువ్వన్న చెప్పరాదు?" ఆ ముసలాయన ఏమంటాడోనని చూశాను. "నాది కాదన్నా. బండి తోలేటోళ్లది," అన్నాడు ఉప్పలయ్య. ఆ ఒక్క మాటకు ఆయన గతంలో సణిగినదంతా నేను క్షమించేశాను.

"అయితే నేను గూడ ఎక్కుత. నా కండ్ల ముందల్నే ఉడకాలె," అన్నాడు చక్రధరరావు. సమ్మక్క ఆయన్ని నడిమి సీట్లో, సోమ్లీ ఇప్పపువ్వు బుట్టకూ నా గాజుల మూటకూ మధ్య కూర్చోబెట్టింది. పుంజు ఆయన ఒళ్లోకి చేరింది. బరువు తక్కువైంది కాబట్టే ఎక్కిందని తర్వాత మాట పడకుండా మిల్లు నుంచి బియ్యం బస్తాలు తెప్పించి వెనకంతా నింపింది.

ఎండ నెత్తి మీద ఉంది. గుట్ట మొదట్లో నేను దేవుళ్లందరికీ మొక్కాను. నడి గుట్ట మీద, ఎప్పుడూ ఆగే చోట, అందరం ఈల కోసం చూశాం. ఇంజను ఒకటే మోత మోగుతోంది. వేడి చూపే ముల్లు కొంచెం లేచి, అక్కడే నిలబడింది. సోమ్లీ మాత్రం ఏమీ పట్టనట్టు ఇప్పపువ్వులో పుల్లలు ఏరుతూ కూర్చుంది. బండి ఆగకుండా పైకెక్కేసింది.

పైన సమ్మక్క బండి ఆపింది, ఇంజను మాత్రం ఆపలేదు. "అన్నా, నీ పుంజును తీస్కొని ముందలికి రా," అంది. ఆయన దిగాడు, మేమంతా దిగాం. "దాన్ని మూతి కాడ పట్టుకో. దగ్గర పెట్టకు, జానెడు దూరం పెట్టు."

పట్టుకున్నాడు. పుంజు మెడ మీది ఈకలు, తోక ఈకలు అన్నీ రేడియేటరు వైపు వంగాయి. ఎర్రని ఆ ఈకలు జాలీలోకి పోతామన్నట్టు రెపరెపలాడుతున్నాయి. పుంజు కళ్లు మూసి హాయిగా నిలబడింది. చూడనివాళ్లు లేరు, చూసీ చూడనట్టు నటించినవాడు ఒక్కడే ఉన్నాడు.

"సరే," అన్నాడు చక్రధరరావు పుంజును చంకలోకి తీసుకుని. "నంబర్ ఉంటది. కాని నా కొక్కెం మళ్లీ పెట్టియ్యి. అది అడ్డా మర్యాద."

సమ్మక్క సీటు కిందికి వంగి, గుడ్డలో చుట్టిన కొక్కెం తీసి ఆయన చేతిలో పెట్టింది. "మర్యాద నీదన్నా, నువ్వే తీస్కపో. బండి నాది."

ఆయన ఒక చేతిలో పుంజు, ఒక చేతిలో కొక్కెం పట్టుకుని వచ్చి మా మధ్యే కూర్చున్నాడు. వేరే దారి లేదు, వెనక జీపు ఇంకా గుట్ట కిందే ఉంది. సంత చేరేదాకా ఆయన నోరు విప్పలేదు. పుంజు మాత్రం దారి పొడుగునా కూస్తూనే ఉంది.