తొందరగా తేలిన లెక్క

పరిశోధక విద్యార్థులకు సూపర్‌కంప్యూటర్ వాడకం నేర్పే ఆయన్ని అందరూ అనుమానం మాస్టారంటారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, తెరకు ముక్కు ఆనించి, ఎవరి జవాబునైనా దొంగసొత్తులా చూస్తాడు. వరదల మీద పరిశోధించే అమ్మాయి ఓసారి ఏ ఊరు మునుగుతుందో చెప్పే వారం రోజుల లెక్కను వందల ప్రాసెసర్లకు పంచి గంటలో తేల్చింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం, "ఇంకోసారి నడిపి చూడమ్మా" అన్నాడు. అదే లెక్క ఈసారి వేరే ఊరిని ముంచింది. పని పంచుకున్న ప్రాసెసర్లు ఒకదాని అంకెల మీద ఇంకొకటి రాసేస్తున్నాయి.

"మొదట్నుంచీ నా మీద నమ్మకం లేదా సార్?" అంది ఆ అమ్మాయి.

"నీ మీద ఉందమ్మా. గంటలో తేలిన జవాబు మీదే లేదు."

ఆ లెక్క మీద రాసి అచ్చుకు పంపిన వ్యాసాన్ని ఆమె వెనక్కి తీసుకుంది. మర్నాడు మాస్టారు నమూనాగా చూపించిన ప్రోగ్రామ్ చూసి, "ఇది కూడా సరిచూద్దామా సార్?" అంది. ఆయన లేచి, తన కుర్చీ ఆమె వైపు జరిపాడు.