నాగమణి వదిన ఎడమచెయ్యి

నిన్న సదర్ బజార్‌లో వాయిద్యాల దుకాణానికి వెళ్ళాను. నా కీబోర్డు అడాప్టర్ పాడైంది. నా ముందు నిలబడ్డ దంపతులకు దుకాణదారు ఒక అరేంజర్ కీబోర్డు చూపిస్తున్నాడు. ఎడమచేత్తో మూడు మీటలు నొక్కిపట్టగానే ఢోలక్, తబలా, వెనకాల గిటారు, అన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ ఢోలక్ మోత చెవిన పడగానే నా కడుపులో పాత మంట మళ్ళీ రగిలింది. నాగమణి వదిన పోయి ఏడాది దాటింది. పోయినవాళ్ళు గుర్తొస్తే కళ్ళు చెమరుస్తాయంటారు. నాకు ముందు కుళ్ళు వచ్చింది, కన్నీళ్ళు ఆ తర్వాత వచ్చాయి. ఇందులో దాచుకోవడానికేమీ లేదు. ఆవిడ మీద నాకున్నంత కుళ్ళు ఇంకెవరి మీదా లేదు, నాకు సంగీతం అంటూ ఏదైనా వచ్చిందంటే అది ఆ కుళ్ళు పుణ్యమే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు వాళ్ళది. మా నాన్న లోకో షెడ్‌లో పనిచేసేవారు, వదిన భర్త గూడ్సు బండ్లు నడిపేవారు. రెండు కుటుంబాలదీ శ్రీకాకుళం వైపే కాబట్టి వరసలు సులువుగా కలిశాయి. నేను చిన్నప్పటి నుంచి పద్ధతిగా సంగీతం నేర్చుకున్నదాన్ని. స్వరం తప్పితే మా టీచరు చూసే చూపుకు భయపడి పెరిగినదాన్ని. వదినకు సరిగమలు కూడా వరసగా రావు. కానీ దసరాకు మా తెలుగువాళ్ళు పెట్టే అమ్మవారి పందిట్లో, హారతి పాటకు కీబోర్డు ముందు కూర్చునేది ఆవిడే. పెద్ద బొట్టు, తలనిండా పూలు, ఎవరైనా తనవైపు చూస్తున్నారా అని ఓ కన్ను. ఎడమచెయ్యి మీటల మీద పెట్టి ఉంచితే యంత్రమే తాళం వేసేది, యంత్రమే హంగులన్నీ చేసేది. మధ్యలో కుడిచేత్తో పమిట సర్దుకునేది, ఆలస్యంగా వచ్చినవాళ్ళను కూర్చోమని సైగ చేసేది, ఆ తర్వాత తీరిగ్గా మళ్ళీ పాటలోకి వచ్చేది. ఒక్కోసారి తప్పు మీట నొక్కి, దాన్ని కూడా నవ్వుతూ నొక్కేది. అయినా అందరూ ఆహా అనేవారు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదేనని నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. నాకు కావలసింది ఆ కుర్చీ. ఇంకేమీ కాదు.

స్కూల్లో ఉద్యోగం వచ్చాక నేనూ ఒక కీబోర్డు కొనుక్కోవాలనుకున్నాను. మా అమ్మ వదినను తోడు తీసుకెళ్ళమంది. వద్దనలేక తీసుకెళ్ళాను. దుకాణంలో రెండు పక్కపక్కన పెట్టారు. ఒకటి వదినకున్నలాంటి అరేంజరే, కాస్త కొత్తది. వేలు పెడితే చాలు, పెళ్ళి బృందమంతా మోగుతుంది. రెండోది వర్క్‌స్టేషన్. దాని మీద వేలు పెడితే ఒక్క పియానో పలికి ఊరుకుంది. డప్పు కావాలంటే డప్పు మనమే వాయించి అందులో ఎక్కించాలి, నాదస్వరం కావాలంటే ఆ స్వరాన్ని మనమే తీర్చిదిద్దుకోవాలి. ఒక్కో వాయిద్యాన్నీ విడిగా పేర్చుకుంటూ పోతేగాని పాట కాదు. తెర మీద ఒక పేజీ వెనక ఇంకో పేజీ. దుకాణదారు కూడా ఇది నేర్చుకోవడం కష్టమని, ఇంట్లో పూజలకూ భజనలకూ మొదటిదే మేలని హిందీలో నచ్చజెప్పాడు. వదిన రెంటినీ చూసి, నా మొహం చూసి, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఏటే లలితా, నీకు వాయించాలనుందా, తయారుసెయ్యాలనుందా?"

తయారుచెయ్యాలనుంది అన్నాను. అది సగం నిజం. వదిన దగ్గరున్నది నా దగ్గర ఉండకూడదన్నది మిగతా సగం. వదిన "అచ్ఛా" అని ఊరుకుంది. తన సంగతి ఎవరూ అడగకపోయినా రిక్షాలో చెప్పుకుంటూ వచ్చింది. తనకైతే వేలు పెట్టగానే తాళం రావాలట, పొయ్యి మీద కూర మాడేలోగా పాట అయిపోవాలట. ఇంత తేలికైన బతుకని కూడా నాకు కుళ్ళే.

ఆ వర్క్‌స్టేషన్ నన్ను ఏడిపించింది. బడి నుంచి రాగానే దాని ముందు కూర్చుని, మా పందిట్లో పాడే హారతి పాటనే ఎత్తుకున్నాను. నాదస్వరం వెనక సన్నగా తంబుర, రెండో చరణంలో డోలు, చివర గంటలన్నీ ఒక్కసారి మోగి ముగింపు. నాకు నచ్చేసరికి దసరా దగ్గరికొచ్చింది. గోడ అవతలి నుంచి రోజూ వింటూనే ఉన్న వదిన, పందిరి పెద్దలతో తనే మాట్లాడి, ఈసారి లలిత వాయిస్తుందని చెప్పేసింది. నేను పోట్లాడి గెలుచుకుందామనుకున్న కుర్చీని పక్కింటికి పంపే కూరలా నా చేతిలో పెట్టింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మా పందిట్లో ఒక ఆచారం ఉంది. అమ్మవారికి ఇచ్చాక హారతి పళ్ళెం అక్కడున్న ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి, తిరిగి అమ్మవారి ముందుకు రావాలి. అప్పటిదాకా పాట ఆగకూడదు, ఆగితే అశుభమంటారు. బండ్ల డ్యూటీ దిగి యూనిఫాంలోనే పరిగెత్తుకొచ్చేవాళ్ళు ఎప్పుడెందరొస్తారో తెలియదు గనక ఆడవాళ్ళు చివరి చరణాన్ని ఎంతసేపైనా సాగదీస్తారు. పుట్టినప్పటి నుంచి ఆ పందిట్లో నిలబడ్డదాన్ని, నాకిది తెలియదా? తెలుసు. కానీ పాట కడుతున్నన్నాళ్ళూ నా ఆలోచనంతా పాట మీదే, పళ్ళెం మీద కాదు. పాటకు కొలిచినట్టు ఒక పొడవు పెట్టి యంత్రంలో ఎక్కించాను. ఆ సాయంత్రం మొదటి చరణానికే జనం మాటలాపి నావైపు తిరిగారు. రెండో చరణంలో డోలు లేచినప్పుడు మా నాన్న పక్కవాళ్ళను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. అంతలో యూనిఫాంలవాళ్ళు గుంపుగా వచ్చారు. పళ్ళెం పందిరి మధ్యలో ఉండగానే నా గంటలన్నీ ఘనంగా మోగి, పాట పూర్తయిపోయింది, పాడుతున్న ఆడవాళ్ళూ ఆగిపోయారు.

పళ్ళెం పట్టుకున్న పూజారి అడుగు కదపలేదు. ఆడవాళ్ళ వరసలోంచి వదిన చప్పట్లు చరుస్తూ చివరి చరణం ఎత్తుకుంది. గొంతు బొంగురు, శ్రుతి ఎక్కడో ఉంది. అయినా అందరూ అందుకున్నారు, పళ్ళెం కదిలింది. పాడుతూనే నావైపు చూసి తన ఎడమచెయ్యి కాస్త ఎత్తి, గాలిలోనే మీటలు నొక్కిపట్టినట్టు పట్టింది. నేనూ నా ఎడమచెయ్యి మీటల మీద పెట్టి, పళ్ళెం తిరిగొచ్చేదాకా తియ్యలేదు. తాళం లేదు, డోలు లేదు, ఆడవాళ్ళ చప్పట్ల కింద ఉత్త స్వరమే. ఆ తర్వాత అందరూ మెచ్చుకున్నది వదిననే. ఆవిడేమో, నేను కట్టిన ముందు భాగం ఎంత బాగుందో వాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగింది. దెప్పిపొడిచినా బాగుండేది. ఆ పొగడ్త పుండు మీద కారంలా ఉంది.

పండగ వెళ్ళాక ఒక మధ్యాహ్నం మా ఇంటికొచ్చింది. ఆ పాట ఒక్కసారి పెట్టమని అడిగి, తలలో పూలు నలగకుండా హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. విన్నంతసేపూ మాట్లాడలేదు, అది ఆవిడకు సాధ్యమని నాకు అప్పటిదాకా తెలియదు. మళ్ళీ పెట్టమంది. ఇంకోసారి పెట్టమంది. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తీసి, వర్క్‌స్టేషన్‌ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నాకు కుళ్ళొచ్చేసిందే. ఇలాటిది నేను ఒక్కటీ సెయ్యలేను."

అని హాయిగా నవ్వేసి, పాలు పొంగిపోతాయంటూ వెళ్ళిపోయింది. నేను ఏళ్ళ తరబడి నమిలి మింగుతున్న మాటను ఆవిడ అంత తేలిగ్గా పైకి అనేసింది. నేనూ అందామనుకున్నాను. ఎన్నోసార్లు వాళ్ళింటికి వెళ్ళి, తోడుకు పెరుగు అడిగి వచ్చేశాను. అలా అనగలిగినందుకు ఆవిడ మీద ఇంకా కుళ్ళుకున్నాను.

వదిన భర్త రిటైరయ్యాక వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. కిందటేడు వానల్లో ఆవిడ పోయిందని ఫోనొచ్చింది. మేమిప్పుడు కాలనీ వదిలి రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటున్నాం గానీ దసరాకు ఆ పందిట్లో కుర్చీ నాదే. చివరి చరణానికి ముగింపు పెట్టడం మానేశాను, నేను ఆపేదాకా అది తిరుగుతూనే ఉంటుంది, నేను పళ్ళెం వంకే చూస్తూ కూర్చుంటాను. హారతి అయ్యాక పెద్దవాళ్ళు బాగుందమ్మా అని, నాగమణి ఉన్నప్పుడైతేనా, అని మొదలుపెడతారు. ఆ మాట పూర్తయ్యేదాకా నేను వైర్లు చుట్టుకుంటాను.

కొత్తగా ఏదైనా పాట కట్టడం పూర్తయితే మాత్రం హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి నుంచి వింటాను. ఇది వింటే వదినకు కుళ్ళొస్తుందా అని నన్ను నేనే అడుగుతాను. రాదనిపిస్తే చెరిపేసి మళ్ళీ మొదలుపెడతాను.